రెండో పేరు ఎవరు పెట్టారు?

వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే దారిలో అనంతగిరి ఉంటుంది. హైదరాబాద్ వాళ్లకి అది వీకెండ్ డ్రైవ్, ట్రెక్కింగ్, కాల్చిన మక్కకంకులు, రీల్స్. మా వైపు వాళ్లకి అనంత పద్మనాభస్వామి గుడి, పాత టీబీ శానిటోరియం, మూసీ పుట్టిన చోటు. ఈ గుట్ట మీద చెప్పుకునే స్థలపురాణంలో నిద్రపోతున్న రాజు ఒకాయన ఉన్నాడు. తెలుగు సినిమా హీరో గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఆయనే గుర్తొస్తాడు.

ముచికుందుడు ఇక్ష్వాకు వంశపు రాజు, మాంధాత కొడుకు. దేవతల తరఫున రాక్షసులతో ఏళ్లకేళ్లు యుద్ధం చేసి అలసిపోయాడు. ఏం కావాలో కోరుకోమంటే నిద్ర కావాలన్నాడు. ఆ నిద్ర చెడగొట్టిన వాడు ఆయన చూపుకే బూడిదైపోవాలి, అదీ వరం. గుహలో పడుకున్నాడు. యుగాలు గడిచాయి. కాలయవనుడు తరుముకొస్తుంటే కృష్ణుడు పరిగెత్తి పరిగెత్తి ఆ గుహలోనే దూరాడు. వెనకాలే వచ్చిన కాలయవనుడు, పడుకున్న మనిషే కృష్ణుడనుకుని కాలితో తన్నాడు. రాజు కళ్లు తెరిచాడు. తన్నినవాడు బూడిదయ్యాడు. ఆ గుహ ఈ గుట్టల్లోదేనని, ముచికుందుడి పేరు మీదే ఏరు ముచికుందా నది అయి, వాడుకలో మూసీ అయిందని మా దగ్గర చెప్తారు.

ఇప్పుడు పేర్లు తీసేసి ఈ కథని మళ్లీ చూడండి. ఎవరి జోలికీ పోకుండా ఒక పక్కన ఉన్న మనిషి. ఆ మనిషి లోపల ఎప్పటివో యుద్ధాలు. ఆయనెవరో తెలియక వచ్చి తన్నే విలన్. కళ్లు తెరుచుకోవడం, ఇంటర్వెల్. ఒక తరం తెలుగు సినిమా మొత్తం ఈ గుహలోంచే వచ్చినట్టు ఉంటుంది.

ఆ మనిషిలో దాక్కున్న రెండో మనిషి గురించే ఈ వ్యాసం. ఆ రెండోవాడు ఎక్కడి నుంచి వచ్చాడు? సినిమాలు ఇచ్చే జవాబు అందరికీ తెలిసిందే: రక్తం, వంశం, తాతల నాటి నుంచి వస్తున్నది. ఆ జవాబు అబద్ధమని నాకు అనిపిస్తుంది. విచిత్రం ఏమిటంటే, కాస్త జాగ్రత్తగా చూస్తే ఆ కథలే దాన్ని అబద్ధమని ఒప్పుకుంటాయి.

*

ఒకే ఒంట్లో ఇద్దరు మనుషులు అనగానే ఇంగ్లిష్ చదువుకున్న వాళ్లకి జెకిల్, హైడ్ గుర్తొస్తారు. స్టీవెన్సన్ 1886లో రాసిన ఆ చిన్న నవలలో డాక్టర్ జెకిల్ తన రెండో మనిషిని తానే తయారు చేసుకుంటాడు. మందు కలుపుకుని తాగింది ఆయన. పేరుకి మచ్చ రాకుండా తప్పులు చేయాలనుకుంది ఆయన. హైడ్ చేసిన హత్యకి లెక్క చివరికి జెకిల్ దగ్గరికే వస్తుంది. తప్పించుకునే దారి లేదు, ఎందుకంటే మందు సీసా మీద ఉన్నవి ఆయన వేలిముద్రలే. తర్వాత ఆ కథని తిరగరాసిన వాళ్లలో కొందరికి ఇది చాల్లేదు. 2007లో బీబీసీ తీసిన ‘జెకిల్’ సీరియల్లో టామ్ జాక్‌మన్ ఏ మందూ తాగడు. హైడ్ అతనికి తరాలు దాటుకుని వస్తాడు. అంటే వాళ్లు కూడా చివరికి వారసత్వం దగ్గరికే వచ్చారు. ఆ చిన్న మార్పుతో ప్రశ్నే మారిపోయింది. ‘నువ్వేం చేశావు’ అన్నది పోయి ‘నువ్వెవరి వాడివి’ అన్నది వచ్చింది.

మన కథలు మొదటి నుంచీ రెండో ప్రశ్న దగ్గరే ఉన్నాయి. మన హీరో ఏ మందూ తాగడు. మనవాడి రెండో మనిషికి ఇంటిపేరు ఉంటుంది, ఊరుంటుంది, గోడ మీద దండ వేసిన ఫోటో ఉంటుంది. హైడ్‌ని చూసి లండన్ భయపడింది. మనవాడి రెండో పేరు వినిపించగానే థియేటర్లో కాగితాలు ఎగురుతాయి.

*

దీనికి ముచికుందుడి కంటే దగ్గరి మూలం విరాటపర్వం. వలలుడనే వంటవాడిలో భీముడు, బృహన్నల అనే నాట్యం నేర్పే మనిషిలో అర్జునుడు, కంకుభట్టులో ధర్మరాజు. తిక్కన భారతం మొదలుపెట్టింది ఈ పర్వంతోనే. విరాటపర్వం చదివిస్తే వానలు పడతాయని ఊళ్లల్లో నమ్మకం. ‘నర్తనశాల’ (1963) ఇప్పటికీ టీవీలో వస్తే ఛానెల్ మార్చని ఇళ్లున్నాయి. పెద్ద పేరున్న మనిషి చిన్న పేరుతో తల వంచుకుని బతకడం, ఒక రోజు ఆ పేరు బయటపడడం మనకి ఎప్పటికీ విసుగు పుట్టని కథ.

దసరా రోజు తెలంగాణలో జమ్మి దగ్గరికి వెళ్లి ఆకు తెచ్చి, బంగారం అని చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ తీసుకుంటాం. అది పాండవులు ఆయుధాలు దాచిన చెట్టని ప్రతి పిల్లవాడికీ తెలుసు. ఎలా దాచారన్నది మాత్రం తక్కువ మంది గుర్తు పెట్టుకుంటారు. వ్యాసభారతం ప్రకారం, చెట్టు దగ్గరికి ఎవరూ రాకుండా ఒక శవాన్ని కూడా ఆ కొమ్మకే కడతారు. దారిన పోయే పశువుల కాపరులకి అది మా తల్లి శవమని, ఆమెకి నూట ఎనభై ఏళ్లని, ఇలా చెట్టుకు కట్టడం మా పూర్వుల నుంచి వస్తున్న కులధర్మమని చెప్తారు.

ఈ ఒక్క వివరం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. చెట్టు మీద ఉన్నవి కత్తులు, విల్లులు. బయటి ప్రపంచానికి చెప్పింది తల్లి, పూర్వులు, కులధర్మం. హింసకి కాపలాగా వారసత్వం అనే కథని కట్టారు. ఆ కథ నిజం కాదని కట్టిన వాళ్లకి తెలుసు. విన్న గొల్లవాళ్లు మాత్రం నమ్మి దూరంగా జరిగారు. మన ఫ్యాక్షన్ సినిమా చేసింది సరిగ్గా ఇదే. కాకపోతే అందులో కథ చెప్పినవాళ్లు కూడా దాన్ని నమ్మేశారు.

*

1999 సంక్రాంతికి ‘సమరసింహారెడ్డి’, 2001 సంక్రాంతికి ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’. మూడింటికీ దర్శకుడు బి. గోపాల్. అప్పుడు స్కూల్లో ఉన్న మా తరానికి ఈ మూడూ కలిపి ఒకటే సినిమా. కానీ రెండో మనిషి ఎలా పుట్టాడన్న విషయంలో మూడూ మూడు రకాలు.

సమరసింహారెడ్డి ఇంకో మనిషి పేరు పెట్టుకుని ఆ మనిషి ఇంట్లో బతుకుతుంటాడు. తన చేతిలో అన్యాయంగా ప్రాణం పోయిన ఒకడి కుటుంబాన్ని, వాడి స్థానంలో నిలబడి మోస్తున్నాడన్నమాట. అంటే ఇక్కడ మారుపేరు ప్రాయశ్చిత్తం. చాలా పెద్ద ఆలోచన ఇది. చంపినవాడు చచ్చినవాడి బతుకు బతకడం. దాన్ని అక్కడే ఉంచి లోతుకి వెళ్లి ఉంటే ఏ సినిమా అయి ఉండేదో! కానీ ఫ్లాష్‌బ్యాక్ వచ్చి ఆ అపరాధాన్ని సుమోల దుమ్ములో కలిపేసింది. ప్రాయశ్చిత్తం వేషంగా మిగిలింది, అసలు మనిషిగా రెడ్డి మిగిలాడు.

‘ఇంద్ర’లో కాశీలో టాక్సీ నడిపే శంకర్‌నారాయణ వెనక ఇంద్రసేనారెడ్డి ఉన్నాడు. సీమకి నీళ్ల కోసం ఆస్తి వదిలి, ఊరు వదిలి వచ్చిన మనిషి. ఆ ఫ్లాష్‌బ్యాక్‌లో నాకు ముఖ్యం అనిపించేది పెద్ద చిరంజీవి కాదు, చిన్న ఇంద్ర. ఇంటి పెద్దలు పోయాక, ఇంకా మీసం రాని పిల్లవాడు కుటుంబ పెద్దరికం తీసుకుంటాడు. చుట్టూ ఉన్న జనం వాణ్ణి తలెత్తి చూస్తారు. తాను ఎవరో పిల్లవాడికి ఇంకా తెలియదు. జనం కళ్లల్లో మాత్రం అప్పటికే కనిపిస్తోంది.

ఇక ‘నరసింహనాయుడు’. ఇందులో హీరో పని ఏంటో గుర్తుందా? డాన్స్ నేర్పడం. బృహన్నల నేరుగా నడిచొచ్చాడు. అసలు వింత ఫ్లాష్‌బ్యాక్‌లో ఉంది. ఊరిని కాపాడుకోవడానికి ఇంటికో మగపిల్లవాణ్ణి ఇవ్వాలని పెద్దాయన అంటాడు, ముందు తన కొడుకునే ఇస్తాడు. అంటే ఆ పిల్లవాడు పొత్తిళ్లలో ఉన్నప్పుడే కత్తికి రాసిచ్చేశారు. మూడు సినిమాల్లో ఇదే నాకు నిజాయితీగా కనిపిస్తుంది. ఇక్కడ హింస రక్తంలో ఉందని సినిమా అనలేదు. తండ్రి ఇచ్చాడు, ఊరు తీసుకుంది. పిల్లవాణ్ణి ఎవరూ అడగలేదు.

మూడు సినిమాల్లోనూ ఉమ్మడిగా ఉన్నది ఒకటుంది. రెండో మనిషిని హీరో ఎంచుకోడు. పెద్దవాళ్లు ఇస్తారు, జనం గుర్తుపడతారు, విలన్ తట్టి లేపుతాడు. హీరో చేసింది కళ్లు తెరవడం ఒక్కటే. అందుకే ఎన్ని తలలు తెగినా అతని చేతికి రక్తం అంటదు. జెకిల్ సీసా మీద ఉన్న వేలిముద్రలు ఇక్కడ ఎక్కడా దొరకవు. వారసత్వం అనే మాట ఈ సినిమాల్లో చేసే అసలు పని అదే. ఆనందం హీరోకి, మనకి. బాధ్యత గోడ మీద ఫోటోకి.

*

తాండూరులో ఫ్యాక్షన్ లేదు. కాగ్నా ఏరు, కందిచేలు, నాపరాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు, అవతల కర్ణాటక. ఒక్క బజారులోనే తెలుగు, కన్నడ, ఉర్దూ మూడూ వినిపిస్తాయి. బాంబులు చుట్టడం, సుమోలు తగలబెట్టడం ఎవరూ చూసిన పాపాన పోలేదు. అయినా ఇంద్రసేనారెడ్డి పేరు వినిపిస్తే ఇక్కడి టాకీసులోనూ కర్నూలు టాకీసులో పడ్డంత గట్టిగానే విజిల్ పడింది. ఎందుకు?

సీమ అంటే మాకు ఒక చోటు కాదు, ఒక వివరణ. అక్కడి మనుషుల రక్తమే అంత అని నమ్మితే చాలా సుఖం. అక్కడ ఎందుకలా జరిగిందో తెలుసుకోనక్కర్లేదు. 1800లో నిజాం ఆ జిల్లాలని ఇంగ్లిష్ వాళ్లకి రాసిచ్చాడనీ, థామస్ మన్రో వచ్చి పాలెగాళ్లని అణిచాడనీ, ఆయుధాలు పోయినా పెత్తనం పోలేదనీ, తర్వాత అది కాంట్రాక్టుల్లోకి, సారా వేలంపాటల్లోకి, పంచాయతీ ఎన్నికల్లోకి పాకిందనీ, నీళ్లు లేని నేల మీద కొడుకులకి వేరే పని దొరకలేదనీ ఇదంతా ఎవరు చదువుతారు? ‘రక్తం’ అంటే రెండక్షరాల్లో తేలిపోతుంది. సీమ రచయితలు, చదువరులు ఈ సినిమాల మీద ఏళ్ల తరబడి కోపం చూపించారు. వాళ్ల కోపం హింసని చూపించారని కాదు. చరిత్రని తీసేసి నెత్తురు పెట్టారని.

ఇంకో సంగతి. విజిల్ వేసిన మా వాళ్లకి కూడా తమ సొంత రెండో మనిషి ఉన్నాడు. దొర గడీ ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన తాతల మనవలు కొందరు, ఆ గడీలో కూర్చున్న తాతల మనవలు కొందరు, ఒకే బెంచీలో కూర్చుని ఒకే హీరోని చూశారు. ఇద్దరికీ అతను తమవాడిలాగే కనిపించాడు. తల వంచుకున్న మనిషి లోపల ఒక రాజు ఉన్నాడన్న కథ కింద ఉన్నవాడికి ఓదార్పు. పైన ఉన్నవాడికి అదే కథ గుర్తింపు. ఈ రెండింటినీ ఒకే టికెట్ మీద అమ్మగలిగారు కాబట్టే ఆ సినిమాలు అంత ఆడాయి.

గనుల్లో రాయి పని చేసేవాళ్లని చూసినవాళ్లకి ఒక సంగతి తెలుసు. తాండూరు బండ పొరలు పొరలుగా ఉంటుంది. ఆ పొరలు కోట్ల ఏళ్ల నాటివే, నిజం. కానీ ఏ పొరా దానంతటది లేచి రాదు. ఉలి పెట్టి కొట్టేవాడు ఒకడు ఉండాలి. మనం చూసిన సినిమాలన్నీ పొర గురించే మాట్లాడాయి, ఉలి పట్టుకున్న చెయ్యి గురించి మాట్లాడలేదు.

*

ఆ చెయ్యిని చూపించిన పుస్తకం ఒకటి మనకి చాలా ముందే ఉంది. గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, 1940లలో వచ్చింది. తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవల అని సిలబస్‌లో రాసుకుని పక్కన పెట్టేశాం. కానీ దాన్ని వారసత్వపు కథగా చదివితే వేరే పుస్తకంలా ఉంటుంది.

సీతారామారావుకి చనిపోతూ తండ్రి అప్పజెప్పింది వంశ ప్రతిష్ఠ. అది నిలబెట్టాలని ఉన్న ఆస్తి దానం చేస్తాడు, ఖర్చు చేస్తాడు, పోగొట్టుకుంటాడు. అంతా పోయాక కూడా లోపల పెద్దింటి మనిషి కూర్చునే ఉన్నాడు. బయట ఏమీ చేతకానివాడు, లోపల ఎవరినీ లెక్కచేయనివాడు. వీళ్లిద్దరూ రాజీ పడలేరు. ఆ ఒరిపిడి బయటికి వచ్చేది ఎక్కడ? భార్య ఇందిర మీద, చిన్న పిల్ల మీద. ఊళ్లో పెద్దవాళ్ల ముందు నోరు పెగలని మనిషి ఇంట్లో చెయ్యెత్తుతాడు. చివరికి ఒక రాత్రి శ్మశానానికి వెళ్లి తన మీద తనే తిరగబడి అక్కడే ముగిసిపోతాడు.

ఒక్కసారి సీతారామారావుని ఇంద్రసేనారెడ్డి పక్కన నిలబెట్టండి. ఇద్దరికీ తండ్రుల నుంచి వచ్చిన పెద్దరికం ఉంది. ఇద్దరూ ఆస్తి వదులుకున్నవాళ్లే. ఇద్దరి లోపలా, బయట కనిపించే బతుకుకి సరిపోని పెద్ద మనిషి ఉన్నాడు. సినిమాలో ఆ పెద్ద మనిషి లేస్తే విలన్లు ఎగిరి పడతారు. నవలలో లేస్తే పెళ్లాం చెంప పగులుతుంది. రెండింటిలో ఏది నిజమో మన ఇళ్లల్లో పెరిగిన వాళ్లకి చెప్పనక్కర్లేదు. వంశం పరువు అని గొంతు పెంచే మగవాడి కోపం ఎన్నడైనా తనకంటే బలమైనవాడి మీదికి పోయిందా?

గోపీచంద్‌కి ఈ విషయం ఊహ కాదనిపిస్తుంది. ఆయన తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి. ఊరూవాడా తెలిసిన హేతువాది, ‘కవిరాజు’. అంత పెద్ద తండ్రి నీడలో రాయడం మొదలుపెట్టిన కొడుకు, తండ్రి మాట కొడుకుని ఎలా తింటుందో నవలగా రాశాడు. ఆయనకి సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చిన నవల పేరు చూడండి: ‘పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా’. ఎవరు ఎవరికి ఏం రాసిచ్చి పోతారన్న సంగతి ఆయన్ని చివరిదాకా వదల్లేదు.

*

ఇన్నేళ్ల తర్వాత మన మెయిన్‌స్ట్రీమ్ సినిమా తన రెండో మనిషిని తానే ప్రశ్నించుకోవడానికి ప్రయత్నించింది ‘అరవింద సమేత వీర రాఘవ’లో. 2018 అక్టోబర్ 11న, దసరా రోజుల్లో వచ్చింది. రాసి తీసింది త్రివిక్రమ్. పేరులోనే రెండు ముక్కలున్నాయి. ‘వీర రాఘవ’ అన్నది తాతల పేరు. ‘సమేత’ అన్నది గుళ్లో దేవుడి పక్కన అమ్మవారిని చేర్చే మాట. ఈ మనిషి ఒంటరిగా ఉంటే ఒకడు, ఒకామె మాట పక్కన ఉంటే ఇంకొకడు అని టైటిలే చెప్తోంది.

ఈ సినిమా చేసిన పెద్ద పని ఫ్లాష్‌బ్యాక్‌ని తీసేయడం. మామూలుగా ఇంటర్వెల్‌కి రావాల్సిన నరుకుడు ఇందులో మొదటి అరగంటలోనే అయిపోతుంది. చదువు ముగించుకుని వచ్చిన కొడుకుని తీసుకుని తండ్రి నారపరెడ్డి ఊరికి బయలుదేరతాడు. దారిలో బసిరెడ్డి మనుషులు కాపు కాసి ఆయన్ని చంపుతారు. కొడుకు కత్తి తీస్తాడు. ఆ తర్వాత జరిగేది చాలా హింసాత్మకంగా ఉంది, చాలా అందంగా కూడా తీశారు. ఆ రెండోదానితో నాకు పేచీ ఉంది, దాని దగ్గరికి వస్తాను. కానీ వరుస మార్చడం వల్ల ఒక మేలు జరిగింది. రెండో మనిషి ఎప్పటి నుంచో లోపల నిద్రపోతున్నాడన్న భ్రమ పోయింది. మన కళ్ల ముందే, ఫలానా రోజు, ఫలానా రోడ్డు మీద, తండ్రి శవం పక్కన పుట్టాడు. పుట్టుక చూశాక దేవుడని నమ్మడం కష్టం.

ఊళ్లో శవం దింపాక నాయనమ్మ మాట్లాడుతుంది. ఈ రకం సినిమాల్లో ముసలామె ఉండేది పగ తీర్చమని కత్తి అందించడానికి, లేదా నుదుట బొట్టు పెట్టి పంపడానికి. ఈమె ఆ పని చేయదు. ఆ ఇంట్లో వారసత్వంగా వస్తున్నది మగవాళ్ల శౌర్యం ఒక్కటే కాదని, ఆడవాళ్ల వైధవ్యం కూడా అలాగే తరం తర్వాత తరం దిగుతోందని లెక్క చెప్తుంది. గెలిచిన రోజే ఆగమంటుంది. ఓడినవాడు ఆగితే పిరికితనం అంటారు. గెలిచినవాడు ఆగితేనే అది నిర్ణయం. జమ్మి చెట్టు మీద తల్లి శవం పేరు చెప్పి ఆయుధాలు దాచారు కదా. ఇక్కడ ఆ తల్లే చెట్టు దిగొచ్చి, నా పేరు వాడుకోవద్దు అన్నట్టుంది.

ఈ పగ ఎలా మొదలైందో కూడా సినిమా దాచలేదు. కొమ్మద్ది, నల్లగుడి అనే రెండు ఊళ్ల మధ్య ఇన్ని చావులకి మొదలు పేకాటలో అయిదు రూపాయల గొడవ. వంశం లేదు, ధర్మం లేదు, నీళ్లు కూడా లేవు. అయిదు రూపాయలు. దాని మీద తర్వాతి వాళ్లు ఒక్కొక్కరు ఒక్కో శవం పెట్టుకుంటూ పోయి దాన్ని గుడిలా చేశారు.

అయితే ఈ సినిమాలో అసలు కీలకం వీరరాఘవ కాదని నా అభిప్రాయం. బాల్‌రెడ్డి. బసిరెడ్డి కొడుకు. మొదట తండ్రి బాటలోనే నడిచినవాడు, చివరికి రాజీకి ఒప్పుకుంటాడు. అప్పుడు బసిరెడ్డి ఏం చేశాడు? సొంత కొడుకుని చంపేశాడు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. హింస రక్తంలోనే ఉంటే బాల్‌రెడ్డి ఎలా మారాడు? అతనిదీ ఆ రక్తమే. దానంతటదే తరం నుంచి తరానికి పారేదైతే, తండ్రి కత్తి తీయాల్సిన అవసరం ఏమొచ్చింది? పారడం ఆగిపోయింది కాబట్టే తీశాడు. వారసత్వం అని మనం పిలిచేది నిజానికి ఒక తండ్రి బలవంతం. కాదంటే ప్రాణం తీసేంత బలవంతం. మిగతా సినిమాల్లో కొడుకులందరూ సరేనన్నారు కాబట్టి ఆ బలవంతం మనకి కనిపించలేదు. ఒక్కడు కాదన్నాడు, వెంటనే ఉలి పట్టుకున్న చెయ్యి బయటపడింది.

ఇంత చూసిన సినిమా చివరికి ఏం చేసింది? వీరరాఘవతో బసిరెడ్డిని చంపించింది. మాట్లాడి ఆపడమే గొప్ప అని రెండు గంటలు చెప్పి, ఆఖరి పది నిమిషాలు మళ్లీ కత్తికే ఇచ్చింది. అదే అందమైన ఫ్రేములు, అదే నేపథ్య సంగీతం. అభిమానులు ఊరుకోరు, డిస్ట్రిబ్యూటర్లు ఊరుకోరు, నిజమే. కానీ నాకు కనిపించే కారణం ఇంకొకటి కూడా ఉంది. రెండో మనిషి అంటే భయపడాలి అని చెప్పిన సినిమానే వాణ్ణి చూసి మురిసిపోయింది. మొదటి అరగంటలో ఆ పుట్టుకని భయంకరంగా చూపించి ఉంటే చివర్లో మనం వాడి కోసం ఎదురు చూసేవాళ్లం కాదు. అందంగా చూపించారు, అందుకే ఎదురు చూశాం. ఇవాళ్టికీ స్టేటస్‌లు పెట్టుకునే క్లిప్పుల్లో ఆ కత్తి ఉన్న ముక్కే ఎక్కువ కనిపిస్తుంది, నాయనమ్మ మాటలున్న ముక్క తక్కువ.

అయినా ఆ ముగింపులో ఒకటి మిగిలింది. చంపాక వీరరాఘవ ఆ ఊరికి వెళ్లి బసిరెడ్డి భార్యతో మాట్లాడతాడు. కథ అక్కడి నుంచి ఆమె చేతికి, ఓట్ల రాజకీయంలోకి మళ్లుతుంది. మొగుణ్ణి, కొడుకుని ఇద్దరినీ పోగొట్టుకున్న ఆమె మొహం చూస్తే ఇది విజయం అనిపించదు. ఈ పగ గురించి అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషిని ఇన్నేళ్లూ వంటింట్లో కూర్చోబెట్టారని మాత్రం అనిపిస్తుంది.

*

ముచికుందుడి కథలో మనం ఎప్పుడూ సగం దగ్గరే ఆగిపోతాం. కాలయవనుడు బూడిదయ్యాక భాగవతం దశమ స్కంధంలో ఇంకా కథ ఉంది. కృష్ణుడు ఆయనకి కనిపిస్తాడు. తన పని చేసిపెట్టిన మనిషి కదా, పొగిడి పంపొచ్చు. కానీ చెప్పింది వేరు. క్షత్రియుడిగా వేటలోనూ, మిగతా చోట్లా ప్రాణులని చంపావు, తపస్సు చేసి ఆ పాపం పోగొట్టుకో అన్నాడు. యుద్ధం దేవతల కోసమే చేసి ఉండొచ్చు, వరం ఇంద్రుడే ఇచ్చి ఉండొచ్చు, లేపింది వేరేవాడే అయి ఉండొచ్చు. చంపిన చెయ్యి మాత్రం నీదే. కులధర్మం అన్న మాట అక్కడ తప్పించుకునే దారి కాలేదు. అదే లెక్క రాసుకునే పద్దు అయింది. గుహలోంచి బయటికి వచ్చిన ముచికుందుడు రాజ్యానికి వెళ్లలేదు, తపస్సుకి వెళ్లాడు. మన హీరో మాత్రం గుహలోంచి నేరుగా రెండో సగంలోకి, పాటలోకి, క్లైమాక్స్‌లోకి వెళ్తాడు.

ఆ గుట్టల్లో పుట్టిన ఏరు కూడా ఒకసారి నిద్ర లేచింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేల మందిని పొట్టన పెట్టుకుంది. ఆ ఏరు రక్తమే అంత అని ఎవరూ అనుకుని ఊరుకోలేదు. విశ్వేశ్వరయ్యని పిలిపించారు. నీళ్లు ఎక్కడెక్కడి నుంచి వచ్చి ఎక్కడ కలుస్తున్నాయో లెక్కలు వేశారు. పన్నెండేళ్లకి గండిపేట చెరువు వచ్చింది, తర్వాత ఈసీ మీద హిమాయత్ సాగర్ వచ్చింది. ఏటి విషయంలో మనకి ఉన్న ఆ ఇంగితం మగపిల్లల విషయంలో ఎందుకు లేదో తెలియదు. వాళ్లకి మాత్రం ఇంకా వంశాలే చెప్తున్నాం. ఇప్పుడు ఓటీటీలో కొత్త ఊళ్లతో, కొత్త యాసలతో అవే కథలు వస్తున్నాయి. వాటిలో నేను వెతికేది హీరో కళ్లు ఎప్పుడు తెరుస్తాడా అని కాదు. పక్కన నిలబడి వాడికి రెండో పేరు పెడుతున్నది ఎవరా అని, ఆ పేరు వద్దన్న బాల్‌రెడ్డి ఒక్కడైనా ఈసారి బతికి బయటపడతాడా అని.